మంది ఎక్కువైతే మజ్జిగ పలచన

వాద్య వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పాటకు అడుగు స్వరాలు పట్టే బేస్ గిటార్ వాళ్లవే. కీబోర్డు వాళ్లకు ఈ నెల సెలవు. కాకినాడ ఉత్తరం కాస్త పెద్ద వ్యవహారం కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని సొంతంగా ఒక పాట చేస్తున్నాను. ఏ (A) మైనర్, టెంపో 92. నా దగ్గర నాలుగు తీగల బేస్ ఒకటి, అయిదు తీగలది ఒకటి ఉన్నాయి. స్నేహితుడి ఫ్రెట్‌లెస్ బేస్ (మెడ మీద ఫ్రెట్లనే లోహపు గీతలు లేనిది) వారం రోజులకని తెచ్చుకున్నాను. మూడింటి సౌండూ దేనికదే బాగుంది. అందుకని పాట మొదటి నుంచి చివరి దాకా మూడింటితోనూ వాయించి మూడు ట్రాకులూ కలిపాను. బ్రహ్మాండంగా వస్తుందనుకుంటే ఉన్న బేస్ కూడా పోయింది. విడివిడిగా వింటే లావుగా ఉన్నవి, కలిపితే సన్నబడిపోతున్నాయి. వాల్యూమ్ పెంచితే అక్కడక్కడా బొంయ్‌మంటోంది. ఒక పాటకు ఒకే బేస్ వాడాలన్న రూలేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రూలేం లేదు బాబూ. అలాంటి రూలే ఉంటే మద్రాసులో మొదటి రెండేళ్లు నాకు సగం పని దొరికేది కాదు. నేను తెనాలి నుంచి అక్కడికి వెళ్లింది 1986లో. ఒక ట్రంకు పెట్టె, ఒక బేస్, అంతే. నేను వాయించిన చోట్ల పాట రికార్డింగ్ అంటే వయొలిన్ల దగ్గర నుంచి తబలా దాకా అందరం ఒకేసారి కూర్చుని వాయించడమే. ఎవరు తప్పినా మళ్లీ మొదటి నుంచి.

వడపళని వైపు ఒక రికార్డింగ్ థియేటర్లో ఓ పొద్దున్న పాట నడుస్తోంది. "కింద బలం చాలట్లేదు, ఇంకో బేస్ పెట్టండి" అన్నారు సంగీత దర్శకుడు. బయట టీ తాగుతున్న నన్ను లోపలికి పిలిచారు. అప్పటికే వాయిస్తున్న ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆయన స్టాండు మీద ఉన్న నోట్స్ చూస్తూ నేనూ అక్షరం పొల్లుపోకుండా అదే వాయించాను. రిహార్సల్ సగంలో ఉండగా స్పీకర్లోంచి గొంతు వినపడింది: "బేస్ ఎందుకు ఆపేశారు?" మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆపిందెక్కడ, ఇద్దరం చచ్చేట్టు వాయిస్తున్నాం.

కాసేపటికి సౌండ్ ఇంజినీరు అద్దం అవతలి నుంచి లేచి వచ్చాడు. పెద్దాయన్ను ఏమీ అనలేదు. నా దగ్గరికి వచ్చి, "కర్చీఫ్ ఉందా?" అన్నాడు. తీసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి, తీగలు కింద ఆనుకునే బ్రిడ్జి దగ్గర తీగల కిందికి దూర్చాడు. గిటార్ వాయించేవాళ్ల దగ్గర ఒక పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) అడిగి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఆయన పట్టిన స్వరం నువ్వు పట్టొద్దు. ఒక స్థాయి పైన పట్టు. పొట్టిగా కొట్టు" అన్నాడు. వాయిస్తే నా బేస్ బేస్‌లా లేదు. టుక్కు టుక్కుమని చెక్క మీద కొట్టినట్టుంది. నాకు తలకొట్టేసినట్టయింది. రెండో టేక్ వినిపించినప్పుడు చూస్తే పెద్దాయన బేస్ గోడలా నిలబడి ఉంది, దాని ప్రతి అక్షరం స్పష్టంగా తెలుస్తోంది. నేను వాయించింది విడిగా ఎక్కడా వినపడలేదు. అది వినపడకపోవడమే ఆ ఇంజినీరుకు కావలసింది.

ఆ కర్చీఫ్ గురించి ఒక ముక్క. పొద్దున పొంగల్ తిని దానితోనే చేతులు తుడుచుకున్నాను. ఆ నెయ్యంతా తీగలకు పట్టింది. ఇంటికెళ్లి తుడిచినా వదల్లేదు. కొత్త తీగల్లో ఉండే గలగల పోయి, మందంగా, దుప్పటి కప్పినట్టు మోగాయి. ఆ సౌండు నాకు ఎంత నచ్చిందంటే ఏడాది పాటు ఆ సెట్టు మార్చలేదు.

ఇక మీ మూడు ట్రాకుల సంగతి. బేస్ మీద 'ఏ' (A) అనే తీగను ఖాళీగా మీటితే సెకనుకు 55 సార్లు ఊగుతుంది. అంటే ఒక ఊపు పూర్తి కావడానికి 18 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో సగం 9. మొదటి బేస్ పలికిన 9 మిల్లీసెకన్లకు రెండోది పలికిందనుకోండి. మొదటిది స్పీకర్‌ను ముందుకు తోసే వేళకు రెండోది వెనక్కి లాగుతుంది. ఇద్దరూ కష్టపడతారు, స్పీకర్ ఉన్నచోటే ఉంటుంది. నిమిషానికి 92 బీట్లు పడే మీ టెంపోలో ఒక బీటులో నాలుగో వంతు 163 మిల్లీసెకన్లు. 9 అంటే అందులో పద్దెనిమిదో వంతు. ఆ మాత్రం తేడా కూడా రాకుండా ఒకే పాటను మూడుసార్లు వాయించే చెయ్యిని నేను చూడలేదు. నాది అసలే కాదు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆ 9 మిల్లీసెకన్ల తేడాకు 55 పోతుంది గానీ, దానికి రెట్టింపైన 110 పోదు. పైగా బలపడుతుంది. అందుకే స్వరం వినపడుతూనే ఉంటుంది, దాని బరువు మాత్రం ఉండదు. మీరు 'సన్నబడిపోతున్నాయి' అని రాసింది దీన్నే. పక్క స్వరానికి లెక్క మారిపోతుంది. అక్కడ మూడూ కలిసి ఒకే వైపు తోసే అవకాశమూ ఉంది. అప్పుడు కిటికీ తలుపులు అదురుతాయి. మీ బొంయ్ అక్కడిది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మన పెద్దవాళ్లు అన్నది బేస్ గిటార్‌ను చూసి కాకపోయినా, నాకు మాత్రం ఆ సామెత వినగానే వడపళని థియేటరే గుర్తొస్తుంది.

శ్రుతి కూడా చూడండి. రెండు బేసుల మధ్య పది సెంట్లు తేడా ఉందనుకుందాం. అంటే ఒక స్వరస్థానానికీ దాని పక్కదానికీ మధ్య ఉన్న దూరంలో పదో వంతు. ఇంత తేడా గాయకుడి గొంతులో వస్తే మీరు మొహం చిట్లిస్తారు. బేస్‌లో వస్తే చెవికి అపశ్రుతి అనిపించదు. 55 దగ్గర ఆ తేడా మూడు సెకన్లకోసారి శబ్దం ఉబ్బి తగ్గేలా చేస్తుంది, అంతే. వినేవాళ్లకు వాల్యూమ్ ఎవరో తగ్గిస్తున్నట్టు ఉంటుంది. మీరు వాల్యూమ్ జరిపే ఫేడర్ పట్టుకుంటారు. పట్టుకోవాల్సింది తీగ బిగించే కీ. అందుకే మూడు బేసులనూ ఒకే ట్యూనర్‌తో, ప్రతి టేక్‌కూ ముందు శ్రుతి చేయండి. ఖాళీ తీగ ఒక్కటే చూస్తే సరిపోదు, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి కూడా చూడండి. అక్కడ తేడా కనిపిస్తే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్ జరపాలి. ఫ్రెట్‌లెస్‌కు ఫ్రెట్లే లేవు కాబట్టి అక్కడ మీ వేలే దిక్కు. చెప్పాలంటే, పొడుగు స్వరాల మీద ఫ్రెట్లున్న బేస్‌నూ ఫ్రెట్‌లెస్‌నూ ఒకే స్థాయిలో కలిపి వాయించడం నాకు తెలిసిన తప్పుల్లోకెల్లా పెద్దది. వేలు కొంచెం ఊగించినా చాలు, రెండూ కొట్టుకుంటాయి.

సరే, మరి రెండు బేసులతో గొప్ప పాటలు రాలేదా అంటే, వచ్చాయి. ఎలా వచ్చాయో చూస్తే మీ చిక్కు కూడా విడిపోతుంది.

అమెరికాలో నాష్‌విల్ అని కంట్రీ పాటలకు పుట్టిల్లు లాంటి ఊరు ఉంది. అక్కడ 1950ల చివర్లో, 60ల మొదట్లో ఒక పద్ధతి పాతుకుపోయింది. నిలువెత్తు డబుల్ బేస్ ఒకరు వాయిస్తే, అదే నడకను ఇంకొకరు ఆరు తీగల ఎలక్ట్రిక్ బేస్ మీద, తీగలు మోగకుండా అరచేత్తో అదిమి, పిక్‌తో వాయించేవారు. డాన్ఎలెక్ట్రో కంపెనీ 1956లో ఇలాంటి ఆరు తీగల బేస్ తెచ్చింది. మామూలు గిటార్‌కు సరిగ్గా ఒక స్థాయి కింద దాని శ్రుతి. ఆ సౌండును బట్టి దానికి 'టిక్-టాక్ బేస్' అని పేరు పెట్టుకున్నారు. కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ రికార్డులకు డబుల్ బేస్ వాయించింది బాబ్ మూర్ అయితే, ఈ టిక్-టాక్ హెరాల్డ్ బ్రాడ్లీది. బరువంతా డబుల్ బేస్‌ది, మొన మాత్రం టిక్-టాక్‌ది. ఇది చదివాక నా నేతి కర్చీఫ్‌కు ఇంత వంశవృక్షం ఉందా అనిపించింది.

లాస్ ఏంజెలస్‌లోనూ ఇంతే. 1966లో బీచ్ బాయ్స్ బ్యాండు ఆల్బమ్ 'పెట్ సౌండ్స్'కు బ్రయన్ విల్సన్ కొన్ని పాటల్లో డబుల్ బేస్, ఎలక్ట్రిక్ బేస్ రెండూ పెట్టించారు. డబుల్ బేస్ లైల్ రిట్జ్, ఎలక్ట్రిక్ కేరల్ కే. కేరల్ కే పిక్‌తో వాయిస్తారు. తీగలు ఎక్కువసేపు మోగకుండా బ్రిడ్జి దగ్గర ఫెల్ట్ గుడ్డ ముక్క పెట్టుకుంటారు. ఫెల్ట్ గుడ్డ దొరకని చోట కర్చీఫ్ అన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లండన్ కథ. 1972లో అమెరికన్ గాయకుడు లూ రీడ్ పాట 'వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్' రికార్డింగ్. హెర్బీ ఫ్లవర్స్ ముందు డబుల్ బేస్ వాయించారు. తర్వాత దాని మీద ఎలక్ట్రిక్ బేస్ తనే వాయించి కలిపారు. రెండో వాద్యం వాయిస్తే అక్కడ ఫీజు పెరుగుతుంది, నాకా ఆలోచన వచ్చింది అందుకేనని ఆయనే తర్వాత సరదాగా చెప్పుకున్నారు. నిజమే అయినా తప్పేముంది, మేమందరం ఆ బాపతే. కానీ ఆయన రెండో బేస్‌తో ఏం వాయించారో చూడండి. మన లెక్కలో చెప్తాను. డబుల్ బేస్ షడ్జం పడితే, ఎలక్ట్రిక్ పై స్థాయి అంతర గాంధారం పట్టింది. డబుల్ బేస్ శుద్ధ మధ్యమానికి జారితే, ఎలక్ట్రిక్ పై స్థాయి చతుశ్రుతి ధైవతానికి జారింది. పాటలో చాలా భాగం ఆ రెండు జారుళ్ల మీదే ఊగుతుంది. ఒకే చోట ఇద్దరు కూర్చోలేదు, అందుకే ఇరుకు లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి. మొదటి నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు, చాలు.

ఇప్పుడు మీ పాట. మూడు ట్రాకుల్లో ఒకదాన్ని కింద కూర్చోబెట్టాలి. నా ఓటు నాలుగు తీగల బేస్‌కే. కిక్ డ్రమ్‌తో కలిపి ఆ ఒక్కదాన్నే వినండి, మిగతా రెండూ మ్యూట్ చేసి. అలా వింటే పాట నిలబడిందా, లేదా? నిలబడకపోతే మిగతా రెండు తెచ్చినా నిలబడదు. వాయింపు మార్చాలి. నిలబడింది అంటే సగం పని అయిపోయినట్టే.

అయిదు తీగల దాన్ని పాటంతా వాడొద్దు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం 'ఈ' (E). అది సెకనుకు 41 ఊపులు. అయిదో తీగ బీ, దాదాపు 31. మీ చివరి పల్లవిలో ఆ 'ఈ' స్వరం కంటే కిందికి దిగే నడక ఏదైనా ఉంటే, ఆ రెండు మూడు బార్లకు అయిదు తీగల దాన్ని దింపండి. ఆ బార్లలో నాలుగు తీగల బేస్ పూర్తిగా ఆగిపోవాలి. తగ్గించడం కాదు, తీసేయడం. ఇక్కడ మొహమాటపడితే మళ్లీ మజ్జిగే.

ఫ్రెట్‌లెస్‌ను చరణంలో గాయకుడు ఊపిరి తీసుకునే చోట్లకు ఉంచండి. పై స్థాయిలో, రెండు మూడు స్వరాల జారుడు. ఆ ట్రాక్‌కు సెకనుకు 200 ఊపుల కింద ఉన్నదంతా ఈక్వలైజర్ (ఈక్యూ)తో కోసేయండి. విడిగా వింటే నీరసంగా, ఏడుపుగొట్టుగా ఉంటుంది. విడిగా వినకండి. మిక్సింగ్‌లో సోలో మీట నొక్కి ఒక్కో వాద్యాన్ని అందంగా తయారు చేసే జబ్బు ఇంట్లో స్టూడియో పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఉంటుంది. పెళ్లికూతురి పక్కన ఉన్న అమ్మలక్కలందరికీ పట్టుచీరలే కడితే పెళ్లికూతురు ఎవరో తెలియదు.

పల్లవిలో ఒక బేస్, చరణంలో ఇంకో బేస్ వాడాలని ఉంటే నిక్షేపంగా వాడొచ్చు. అందులో ఎదురయ్యే చిక్కు వేరు. మారిన చోట వినేవాడికి బస్సు గేరు మారినట్టు తెలిసిపోతుంది. దానికి నేను చేసేది ఇది. రెండు బేసులతోనూ హద్దుకు అటొక బారు, ఇటొక బారు అదనంగా వాయించి పెట్టుకుంటాను. డ్రమ్ ఫిల్ పడే చోట పాత బేస్ చివరి స్వరాన్ని పూర్తిగా మోగనిచ్చి, ఫిల్ అయ్యాక మొదటి దెబ్బ మీద కొత్తదాన్ని ఎత్తుకుంటాను. స్వరం మధ్యలో అతుకు వేయను. రెండింటికీ తీగలు ఒకే వయసువైతే ఇంకా మంచిది. ఒకదానికి నిన్న వేసిన తీగలు, ఇంకోదానికి మూడేళ్ల తీగలు ఉంటే ఏ ఈక్యూ వాటిని కలపలేదు.

ఇంత చెప్పినా మూడూ ఒకే నడక కలిపి వాయించిన సౌండే కావాలని మీకు పట్టుదల ఉంటే, పిక్‌తో వాయించిన రెండో బేస్‌ను మాత్రం ఉంచండి, 200 కింద కోసి. దీనికి ఒక లాభం ఉంది. మీ పాట వినే పదిమందిలో ఎనిమిదిమంది ఫోన్ స్పీకర్లోనే వింటారు, ఇది నా లెక్క, మా అపార్టుమెంటు లెక్క. ఆ బుల్లి స్పీకర్ 55ను పలకలేదు. పిక్ తగిలిన టిక్కు, 55కు పైన ఉన్న 220, 275 లాంటివి అందులో వినపడితే మెదడు కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. చివర్లో అంతా కలిపి మోనోలో, అంటే ఎడమ, కుడి తేడా లేకుండా, ఒకసారి వినండి. ప్రతి ట్రాక్ మీద సున్నాకు అడ్డగీత గీసినట్టున్న మీట ఒకటి ఉంటుంది, పొలారిటీ తిప్పేది. రెండో బేస్ మీద దాన్ని నొక్కి చూడండి. నొక్కగానే లావు పెరిగితే అంతవరకూ ఆ రెండూ కొట్టుకుంటున్నట్టు. అయితే వాయింపులు వేరు కాబట్టి ఒక స్వరానికి బాగుపడింది ఇంకో స్వరానికి చెడొచ్చు. దాన్ని పరీక్ష అనుకోండి, మందు అనుకోవద్దు.

ప్రశ్న: నేను కర్ణాటక గాత్రం నేర్పుతాను. మీరు పోయిన సంచికలో "రెండు బేసులు ఒక ఒరలో ఇమడవు" అని రాశారు. కచేరీల్లో గాయకుల వెనక రెండు తంబురాలు పెట్టుకోవడం చూస్తూనే ఉన్నాం. అవి ఎందుకు కొట్టుకోవు? పైగా నిండుగా ఉంటాయి కదా?
– ఒక టీచరు గారు, తెనాలి

జవాబు: మా ఊరి నుంచి వచ్చిన ప్రశ్న, అదీ నన్ను పట్టేసుకునే ప్రశ్న. నిజమే అమ్మా, కొట్టుకోవు. తంబురా చేసే పని వేరు. బ్రిడ్జి మీద తీగ కింద ఒక దారప్పోగు దూర్చి, అటూ ఇటూ జరిపి, ఒక చోట ఆపుతారు చూడండి. అప్పటిదాకా టంగుమన్న తీగ ఒక్కసారిగా తేనెటీగల్లా విచ్చుకుంటుంది. దాని అందమంతా అలా పైన పుట్టే స్వరాల్లో ఉంది, అట్టడుగు బరువులో లేదు. రెండు తంబురాల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటే ఆ పైస్వరాలు మెల్లగా అలల్లా కదులుతాయి. మనకు కావలసింది అదే. పైగా తంబురాలో తాళం పట్టించుకోం, ఎవరి తీరికలో వాళ్లు మీటుతారు. బేస్ అలా కాదు. డ్రమ్ దెబ్బతో పాటు పడాలి, అక్కడే ఆగాలి.

తంబురా కంటే మృదంగం మీకు ఇంకా బాగా పనికొస్తుంది. ఎడమ వైపు తొప్పికి రవ్వ ముద్ద పెడతారు, అడుగు స్వరం కోసం. పక్కపక్కన ఇద్దరు మార్దంగికులు ఒకే జతి వాయించేటప్పుడు తొప్పి వైపు వినండి. ఒక్కోసారి ముద్దగా అయిపోతుంది. నా మాటలో కూడా కాస్త తొందర ఉంది, ఒప్పుకుంటున్నాను. ఒరలో రెండు కత్తులు ఇమడవు గానీ, ఒక కత్తి, ఒక చాకు ఇముడుతాయి.

ప్రశ్న: సార్, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నా దగ్గర ఒకే ఒక సెకండ్‌హ్యాండ్ బేస్ ఉంది. యూట్యూబ్‌లో ప్రతివాడూ పాటకో బేస్ మారుస్తున్నాడు. చూస్తుంటే టెన్షన్ వస్తోంది. ఇంకోటి కొనక తప్పదా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కొనొద్దు. ఆ డబ్బుతో ముందు ఇంకో రకం తీగలు ఒక సెట్టు కొను. ఎక్కువమంది వాడేది గుండ్రటి తీగ చుట్టినవి. వేలు జరిపితే గరగరమంటాయి, మోత గలగలలాడుతుంది. ఫ్లాట్‌వౌండ్ అని నున్నగా, రిబ్బను చుట్టినట్టు ఉండేవి వేరే ఉంటాయి. అవి వేస్తే అదే బేస్ వేరే మనిషి చేతిలోకి వెళ్లినట్టు ఉంటుంది.

డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు వినే ఉంటావు. 1960ల్లో ఆ కంపెనీ పాటల్లో నువ్వు వినే బేస్ చాలావరకు ఆయనదే. ఆయన ఎక్కువగా వాడింది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్. ఫ్లాట్‌వౌండ్ తీగలు, తెగితే తప్ప మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి 'హుక్' అని పేరు. ఆయన 1983లో చనిపోయే ముందు ఆ బేస్‌ను ఎవరో దొంగిలించారు. అది ఇప్పటిదాకా దొరికిన దాఖలా లేదని తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

మన దగ్గర ఇళయరాజా గారి పాటల్లో శశిధరన్ గారి బేస్ విను. పాట ఒకవైపు, బేస్ ఒకవైపు నడుస్తూ, చరణం చివర కలుసుకుంటాయి. అక్కడ మెచ్చుకోవాల్సింది ఎన్ని బేసులు వాడారని కాదు, ఏ స్వరం తర్వాత ఏ స్వరం పట్టారని.

ఈ వారం ఒక పని చెయ్యి. ఒకే నాలుగు బార్లు నీ బేస్‌తో అయిదు రకాలుగా రికార్డ్ చెయ్యి. మెడ దగ్గర బొటనవేలితో ఒకసారి. పికప్ మీద రెండు వేళ్లతో ఒకసారి. బ్రిడ్జి పక్కన గట్టిగా ఒకసారి. పిక్‌తో, అరచెయ్యి తీగల మీద ఆనించి ఒకసారి. టోన్ నాబ్ పూర్తిగా మూసి ఒకసారి. అన్నీ అయ్యాక కళ్లు మూసుకుని విను. మీ హాస్టల్లో ఎవరికైనా వినిపించి "ఎన్ని బేసులు?" అని అడుగు. కర్చీఫ్ పెట్టి కూడా చూడు. ఉతికిందే పెట్టు.

ఒక్క జాగ్రత్త. ఒకే వాయింపును డీఐ బాక్స్ (బేస్‌ను మైక్ లేకుండా రికార్డింగ్‌కు కలిపే పెట్టె) నుంచి నేరుగా ఒక ట్రాక్‌లో, ఆంప్లిఫయర్ ముందు మైక్ పెట్టి ఇంకో ట్రాక్‌లో తీసుకుంటే, మైక్ ట్రాక్ ఆలస్యంగా వస్తుంది. అడుగు దూరానికి దాదాపు ఒక మిల్లీసెకను. కంప్యూటర్లో దాన్ని వెనక్కి జరిపి, రెండింటి మొదటి శిఖరాలను ఎదురెదురుగా పెట్టు. కాకినాడ వారికి చెప్పిన గొడవ నీకు ఈ రూపంలో వస్తుంది. అయితే ఇక్కడ వాయింపు ఒక్కటే కాబట్టి, ఒకసారి సరిచేస్తే పాట చివరిదాకా సరిగ్గా ఉంటుంది.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. డాలస్‌లో ఉంటాం. వీకెండ్లలో తెలుగు పాటల బ్యాండ్. ఈమధ్య పాటల్లో కింద కీబోర్డు బేస్ గుమ్మని మోగుతుంది, దాని మీద బేస్ గిటార్ కూడా ఉంటుంది. మేం స్టేజి మీద రెండూ వాయిస్తే హాలంతా గందరగోళం. మా దగ్గర అయిదు తీగల బేస్ కూడా ఉంది. రికార్డులో ఎలా కుదిరింది?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: రికార్డులో కీబోర్డు బేస్ కిందంతా తీసుకుని ఉంటుంది, గిటార్‌కు 100 పైన మాత్రమే మిగిల్చి ఉంటారు. పైగా కిక్ డ్రమ్ పడినప్పుడల్లా కీబోర్డు బేస్ ఒక్క క్షణం తలవంచేలా కంప్రెసర్ (శబ్దాన్ని దానంతటదే తగ్గించే సాధనం) కట్టి ఉంటారు. స్టేజి మీద ఇదంతా మిక్సర్ దగ్గర ఉన్నాయనకు చెప్పి చేయించుకోవచ్చు గానీ, హాల్లో మూలలు ఉంటాయి కదమ్మా, అవి ఎవరి మాటా వినవు. సులువైన దారి ఇది. కీబోర్డు ఎడమచెయ్యి పల్లవిలో వాయించాలి, అప్పుడు బేస్ గిటార్ పై స్థాయిలో పొట్టి స్వరాలు వేయాలి. చరణంలో గిటార్ కిందికి దిగాలి, కీబోర్డు అమ్మాయి ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకోవాలి. ఎవరు ఎక్కడ కింద ఉండాలో పాట కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి. రిహార్సల్లో గుర్తుంటుంది, లైట్లు పడ్డాక గుర్తుండదు.

మీరు అయిదు తీగల బేస్ కూడా ఉందన్నారు. ఆ బీ తీగను ఇప్పటికి ముట్టుకోకండి.